ఫోకసుగారు తీసిన తట్టు పోస్టరు

మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపే మనిషిని అందరూ ఫోకసు అంటారు. గడ్డం పట్టుకుని అరగంట అటూ ఇటూ తిప్పి మరీ ఫోటో తీస్తాడు. తీరా చూస్తే అందులో నేను మా పెదనాన్నలా ఉంటాను. గొప్పలకు మాత్రం కొదవ లేదు.

పక్క పేటలో తట్టు మొదలైంది. పిల్లలకు టీకా వేయించమని చెప్పే పోస్టరు కావాలని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ అడిగింది. జబ్బు పిల్లల దగ్గరకు వెళ్ళడానికి ఈ వీరుడికి భయం. తన మనవరాలినే స్టూలు మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా లిప్‌స్టిక్‌తో చుక్కలు పెట్టాడు. అది కిలకిలా నవ్వుతుంటే తొడపాశం పెట్టి ఏడిపించి ఫోటో తీశాడు. కింద "టీకా వేయించలేదు, ఫలితం చూడండి" అని పెద్దక్షరాలు.

పోస్టరు గోడకెక్కిన సాయంత్రమే ఆ పిల్ల దాని ముందు తాడు దూకుతోంది!

ఎదురింట్లో బట్టలు కుట్టే అమ్మాయికి ఒక చంటిది. పోస్టరు చూసి ఏమంటుందోనని వెళ్ళాను. మిషను తొక్కుతూ నవ్వుతోంది.

"తట్టంటే ఇంతేనా పిన్నీ! పొద్దున వచ్చి సాయంత్రానికి పోయింది. దీనికోసం నా బంగారాన్ని సూదితో పొడిపించాలా?"

"పిచ్చిమొహమా, అది తట్టు కాదే, లిప్‌స్టిక్కు!"

నమ్మలేదు. ఫోకసును రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. నిజం చెప్పాడు. సిగ్గుతోనా? "ఎంత సహజంగా వచ్చాయో చుక్కలు!" అని మురిసిపోతూ.

మిషను ఆగింది. "అంటే బాబాయ్, మమ్మల్ని బెదిరించడానికి వేషం కట్టించారా? మరి ఆ సూదిలో ఉన్నది మందేనని ఎలా నమ్మను?"

మర్నాడు నర్సమ్మ వచ్చి, టీకా వేస్తే కాస్త జ్వరం రావచ్చనీ, వేయకపోతే ప్రాణం మీదికే రావచ్చనీ ఓపిగ్గా చెప్పింది.

"ఈ కథ కూడా ఆ స్టూడియోలో తయారైందేనా?" అని ఆ అమ్మాయి తలుపేసింది.

తట్టు మా వీధికి రానే వచ్చింది. చంటిది ఒళ్ళు కాలిపోతూ ఆసుపత్రి పాలైంది. బతికి బయటపడింది గానీ చెవుల్లో చీము పట్టింది. ఇప్పుడు వెనక నుంచి పిలిస్తే పలకదు. తల్లి మిషను ఆపి మళ్ళీ పిలుస్తుంది.

నిన్న ఫోకసు మా మెట్ల మీద కూలబడి నిట్టూర్చాడు. బుద్ధొచ్చిందేమోనని కాఫీ ఇచ్చాను.

"పోస్టరు చింపేశారక్కా. ఆ కన్నీటిబొట్టు మీద వెలుతురు ఎలా పడిందో చూసే కళ్ళున్నాయా ఈ జనానికి?"

గ్లాసు లాక్కుని, మిగిలిన కాఫీ తూములో పారబోశాను.