గాలికీ పెట్రోలుకూ పంచాయితీ

బాన్సువాడ చరిత్రను ఎవరైనా రాయదలిస్తే, మెకానిక్ వెంకట్రాములు చెప్పులు విడిచే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రాజులు యుద్ధానికి ముందు కత్తి దూసేవారు. ఈయన కార్బొరేటర్‌కు ముందు చెప్పులు విడుస్తాడు. ఇంజన్ అదురు నేలలోంచి అరికాలికి తెలియాలని ఆయన సిద్ధాంతం. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఎవరూ ఖండించలేదు. ఖండిస్తే వాళ్ల బండి ఆ రోజు తయారు కాదు మరి.

దసరా దాటిన వారానికి, బీర్కూర్ వైపు తండా నుంచి గౌరీబాయి మందు కొట్టే ఇంజన్‌ను వీపున మోసుకొచ్చి ఆయన ముందు దించింది. ఆమె రెండెకరాల వరికి సుడిదోమ తగిలింది. ఇవాళ మందు పడకపోతే రేపటికి మడంతా కాల్చినట్టు ఎండిపోతుంది.

"స్టార్టయితది అన్నా. రేస్ ఇయ్యంగనే నల్లపొగ గక్కి ఆగిపోతది."

"పెట్రోల్ ఎక్కువ తాగుతున్నది. గాలి, పెట్రోల్ కలిసే మిక్చర్ తప్పింది," అని తీర్పు చెప్పి వెంకట్రాములు చెప్పులు విడిచాడు.

పక్కన చాయ్ అమ్మే రాజశ్రీ స్టవ్ తగ్గించింది. ఇద్దరు ఆటోవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆయన కార్బొరేటర్ మీది చిన్న స్క్రూను పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదిలాడు. ఇంజన్ గుర్రుమంది. మరో పావు చుట్టు వదిలాడు. మోత పెరిగింది.

"ఎక్కుతున్నది, ఎక్కుతున్నది," అన్నాడు ఒక ఆటోవాడు.

రేస్ ఇచ్చాడు. నల్లపొగ. ఇంజన్ ఆగింది.

"అన్నా, దానికి నీ కాళ్లు నచ్చినట్టు లేవు," అంది రాజశ్రీ.

"నువ్వు చాయ్ చూస్కో, పొంగుతున్నది."

నాలుగుసార్లు ఆశ లేచింది, నాలుగుసార్లూ పొగలో కలిసింది. జనం పదిమందయ్యారు.

"మూడు గంటల బస్ పోతే ఇగ నా వరి పోయినట్టే అన్నా," అంది గౌరీబాయి.

"ఫికర్ జెయ్యకు అక్కా. ఇది గాలికి, పెట్రోల్‌కు పంచాయితీ. ఇద్దర్ని కూసోబెట్టి మాట్లాడాలె."

ఐదోసారి ఇంజన్ వణుకుతుంటే గౌరీబాయి వంగి చూసింది. "గా డబ్బలకెల్లి ఎర్రగ రాలుతుందేంది?"

అది గాలి పీల్చే డబ్బా. వెంకట్రాములు మూత తీశాడు. లోపలి స్పాంజి పసుపు కుంకుమలతో ముద్దయి ఉంది.

"దసరా పూజల ఇంజన్ నడిపిన్రా?"

"నడుపకుంటే పూజెట్ల ఐతది? అది నడుస్తుండంగనే పిడికెడు పసుపు, పిడికెడు కుంకుమ జల్లినం."

ఇంజన్ ఆ భక్తినంతా లోపలికి పీల్చుకుని, గాలి దారి మూసుకుంది. వెంకట్రాములు స్పాంజిని పెట్రోల్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి బిగించాడు. స్క్రూను మళ్లీ ఒకటిన్నర దగ్గర పెట్టాడు. తాడు లాగి రేస్ ఇచ్చాడు. పొగ లేదు. ఇంజన్ గొంతెత్తి పాడింది, వీధి ఈలలు వేసింది. ఆటోవాడు గౌరీబాయినీ ఇంజన్‌నూ ఎక్కించుకుని బస్టాండుకు ఉరికించాడు.

పొద్దుగూకే వేళకు ఆమె ఫోన్ వచ్చింది. రెండెకరాలకూ మందు పడింది. స్క్రూ తిప్పడంలో వెంకట్రాములన్నను మించినోడు జిల్లాలోనే లేడని చాయ్ కొట్టు దగ్గర తీర్మానమైంది.

కార్బొరేటర్‌లో ఏ లోపమూ లేదు.