పడుగు మీదికి గాలి రావద్దని

మా ఇంటి దర్వాజ అత్త కాపురానికి వచ్చేనాటికే పాతదట. రెండు రెక్కల మధ్య సందు, కింద బల్లి దూరేంత ఖాళీ, చౌకట్టుకూ మట్టిగోడకూ నడుమ వేలు పట్టేంత చీలిక. సరిగ్గా ఆ తలుపుకు ఎదురుగానే, నేలలోకి కాళ్ళు దించి కూర్చునే గుంట మగ్గం. వెలుతురు పైన గాజు పెంకులోంచి పడేది కాబట్టి తలుపు మూసుకునే నేసేదాన్ని. అయినా ఎండలు ముదిరితే దేవరకొండ వైపు నుంచి వీచే వడగాలి ఆ సందుల్లోంచి నేరుగా, మగ్గానికి నిలువుగా సాగదీసిన పడుగు మీదికి వచ్చేది. గంజి పెట్టిన నూలు ఎండి పెళుసెక్కేది. పోగు తెగడం, అతకడం, జానెడు నేసేలోగా మళ్ళీ తెగడం.

రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి ఇది. మోకాళ్ళు పట్టేసి నేత మానేసిన అత్త, మంచంలో పడుకుని చెవులు రిక్కించి వినేది. చప్పుడు ఆగిందంటే పోగు తెగిందని ఆమెకు తెలుసు. ఒకరోజు విసిగిపోయి, గుంట పూడ్చి బండలు పరిపించమని కొడుక్కు చెప్పింది. టౌన్‌లో దుకాణంలో కొలువు చేసే మా ఆయన వెంటనే తలూపాడు. నోటికాడి కూడు లాక్కున్నట్టయింది నాకు. పెళ్ళయ్యాక నేర్చుకున్న పనే అయినా, ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నప్పుడే ఈ ఇల్లు నాదనిపించేది. మగ్గం మీదున్న పడుగు ఒడిసి, నేత పూర్తయ్యేదాకా ఆగమన్నాను. ఆలోపు ఆ తలుపు సంగతి తేల్చాలనుకున్నాను.

పాత చీర చింపి, ఆ పేలికలను గంజితో సందులన్నిటికీ అతికించాను. మా నేతగాళ్ళ ఇళ్ళల్లో ఏది అతకాలన్నా చెయ్యి గంజి మీదికే పోతుంది. తెల్లారి చూస్తే చీమలు బారులు కట్టాయి, ఎలుకలు పేలికలు పీకి పండగ చేసుకున్నాయి. ఎలుకలకు బువ్వ వండిపెట్టినవా అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఆయనకు చాయ్ కూడా ఇవ్వలేదు.

ఈసారి మట్టిలో సున్నం కలిపి చౌకట్టు చుట్టూ మెత్తాను. రెక్కల మధ్య సందును మూసేలా ఒక రెక్కకు చెక్క పట్టీ కొట్టాను. కింది ఖాళీ కోసం సైకిల్ ట్యూబు చీల్చి గుమ్మం కింది కడపకు కొట్టబోతుంటే అత్త మంచంలో లేచి కూర్చుంది.

"కడపకు మేకు కొడ్తవా? శుక్రారం శుక్రారం పసుపు పెట్టేది దేనికనుకున్నవ్?"

ట్యూబు పట్టీని రెక్కకే లోపలివైపు కొట్టి, కడప లోపలి అంచును ఆనుకునేలా వేలాడదీశాను. పసుపు చెదరలేదు. సుత్తి దెబ్బకు బొటనవేలు మాత్రం కమిలిపోయింది.

మర్నాడు బయట గాలి దుమ్ము లేపుతోంది. తలుపు మూసి మగ్గంలోకి దిగాను. మొదట్లో ప్రతి పోగునూ భయంభయంగా చూశాను. తర్వాత భయం పోయి మొండితనం వచ్చింది. మధ్యాహ్నానికి ఒక పోగు తెగనే తెగింది. అత్త తల ఎత్తేలోగా అతికేశాను. ఆ తర్వాత పొద్దు వాలేదాకా మగ్గం ఆగలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి, గుంటలోకి మన్ను ఎప్పుడు తోలించమంటావని తల్లిని అడిగాడు. నేను నేస్తూనే ఉన్నాను. ఆమె నా వైపే చూస్తూ అంది.

"మన్ను ముచ్చట ఇడిశిపెట్టు. గీ పడుగు ఒడ్వకముందే పిల్లకు ఇంకోటి తెచ్చియ్యి."