దేవుళ్ళను కాపలా పెట్టిన గోడ

మీ వీధి చివరి గోడకి దేవుడి టైలు అంటించింది భక్తితోనా, లేక అక్కడ మగవాళ్ళు నిలబడకుండా ఉండటానికా? నాకు జవాబు చెప్పక్కర్లేదు. మీకు మీరు నిజం చెప్పుకుంటే చాలు. మా వీధిలో టైళ్ళు అంటించాలన్న తీర్మానం నా చేతిరాతలోనే ఉంది. దేవుడి పేరిట జరిగే మోసాల మీద ఏళ్ళ తరబడి వేదికలెక్కి వాదించిన మనిషిని నేను.

తొంభైల మధ్యలో మేం పటమటలో ఒక సందులోకి వచ్చాం. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిందే. ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనించి కట్టినవి. సందు మొగలో, బస్‌స్టాపుని ఆనుకుని, ఒక ఖాళీ స్థలం ఉండేది. ప్లాట్లు వేసినప్పుడు పార్కు కోసం వదిలిన స్థలం. పార్కు రాలేదు. చెత్త వచ్చింది, పందులు వచ్చాయి. బస్సు దిగిన మగవాళ్ళందరికీ దాని ప్రహరీ గోడే మరుగుదొడ్డి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్కతో చస్తున్నా మేం కిటికీలు తీసేవాళ్ళం కాదు.

మా పక్కింట్లో రిటైరైన నర్సు ఒకావిడ ఉండేవారు. వీధంతా ఆవిడని సిస్టర్ గారనే పిలిచేది. ఆవిడ భర్తకి రైల్వేలో రిటైరయ్యాక పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. ఆ కాలికి ఇనప బద్దలు బిగించిన బూటు తొడిగి, చేతికర్ర పట్టుకుంటేనే నిలబడగలిగేవాడు. రోజూ అరగంట నడవాలి, నడక మానితే ఆ కాలు పూర్తిగా బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. సందులో ఎక్కడ నడుస్తాడు? మురుగు కాలవ మీద బండలు ఊగుతుంటాయి, ఆటోలు రాసుకుంటూ పోతుంటాయి. అందుకని తన వరండాలోనే నడిచేవాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి పదకొండు అడుగులు, మళ్ళీ పదకొండు. వాటిలో ఒక గోడకి ఇవతలే నా రాతబల్ల. ఇనుము, కర్ర, ఇనుము, కర్ర. ఆ చప్పుడులోనే నేను మనిషి స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాసేవాణ్ణి.

ఆ స్థలం మనమే బాగుచేసుకుందామని ఇంటింటికీ తిరిగింది సిస్టర్ గారే. ఒక ఆదివారం సాయంత్రం మా వరండాలో అందరం కూర్చున్నాం. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, మాట్లాడటం వచ్చు కనక నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు సెక్రటరీ. ఒకరు బెంచీలన్నారు, ఒకరు వేపమొక్కలన్నారు, చుట్టూ నడవడానికి బాట వేద్దామన్నారు. దేనికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. వాసన సంగతొచ్చేసరికి సిస్టర్ గారు లేచారు.

"ముందు మగవాళ్ళకో మరుగుదొడ్డి కట్టించమని మున్సిపాలిటీకి రాద్దామండీ. చోటే లేకపోతే గోడ కాక ఇంకెక్కడికి పోతారు? నీళ్ళ పైపు కూడా ఈ మూలకే ఉంది."

"ఏ మూలకమ్మా?" అన్నారు సెక్రటరీ గారు.

ఆవిడ చూపించింది ఆ స్థలంలో నా గేటు పక్క మూల.

"భేషుగ్గా ఉంది! అధ్యక్షుల వారి గుమ్మానికి తోరణం కట్టినట్టుంటుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిస్టర్ గారొక్కరే నా మొహంలోకి చూస్తూ నిలబడి, కాసేపటికి కూర్చున్నారు.

అప్పుడు సెక్రటరీ గారు టైళ్ళ మాట తెచ్చారు. "దేవుడు ఎదురుగా చూస్తంటే ఎవడికైనా వస్తదంటారా?"

నేను అభ్యంతరం చెప్పాను. జనాన్ని భయపెట్టి తెచ్చేది శుభ్రత కాదన్నాను. ఆయన మర్యాదగా విని, "అయితే మీ గేటు పక్కన కట్టించేద్దామా మాస్టారూ?" అన్నారు.

గేటు వైపు చూశాను. అప్పుడే ఒక దారి దొరికింది. ఒక్క మతం దేవుణ్ణే పెట్టడం అన్యాయం, పెడితే మూడు మతాలవీ సమానంగా పెట్టాలన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే తీర్మానం రాసి సంతకం పెట్టాను. నా పిరికితనానికి సమానత్వమని పేరు పెట్టానని నాకు అప్పుడే తెలుసు.

వెళ్తూ వెళ్తూ సిస్టర్ గారు అన్నారు: "మా ప్రభువుని కూడా ఉచ్చల కాపలాకి పెట్టారాండీ? జీతమేమన్నా ఇస్తారా?"

సెక్రటరీ గారూ నేనూ టైళ్ళ కోసం వన్ టౌన్ బజారుకి వెళ్ళాం. కొట్టాయన తల ఎత్తకుండానే అడిగాడు. "పూజ గదికా, ప్రహరీకా?"

"ప్రహరీకి."

"అట్టా చెప్పండి. ప్రహరీకైతే పెద్ద కళ్ళున్నయ్యి ఇస్తా. బస్సు దిగినోడికి దూరం నుంచే కనపడాల."

వారంలో గోడ ఎండిపోయింది. ఆ మగవాళ్ళందరూ ఎక్కడికి పోయారని నేను అడగలేదు. రెండు సందుల అవతల ఆడపిల్లల హాస్టల్ గోడకి పోయారని తర్వాత తెలిసింది. మా స్థలంలో చెత్త ఎత్తించాం, బాట వేశాం, బెంచీలు వేశాం. మొదటి సాయంత్రం సిస్టర్ గారి భర్త ఒక చుట్టు పూర్తిగా నడిచి, బెంచీ మీద కూర్చుని, ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. నా గోడ నిశ్శబ్దమైంది. మళ్ళీ ఎండలొచ్చేదాకా ఆయన ఒక్కరోజు కూడా మానలేదు.

ఈలోగా ఎవరో ఒక టైలు ముందు అగరొత్తి వెలిగించారు. తర్వాత బంతిపూల దండ పడింది. కొబ్బరికాయ కొట్టడానికి రాయి వచ్చింది, దాని చుట్టూ అరుగు వచ్చింది, అరుగు మీద రేకుల పందిరి వచ్చింది. మిగతా రెండు టైళ్ళూ పందిరి గోడకి కొట్టిన సున్నంలో కలిసిపోయాయి. చివరికి స్థలానికి గ్రిల్లు గేటూ, తాళమూ, 'చెప్పులతో లోపలికి రాకూడదు' అన్న బోర్డూ వచ్చాయి.

తాళం పడిన సాయంత్రం ఆ గేటు దగ్గర మాటలు విని బయటికి వెళ్ళాను. సిస్టర్ గారు భర్త చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"చెప్పులు కావండీ ఇవి. బూటు విప్పితే ఆయనకి కాలే లేదు."

"నాదేముందమ్మా, జనం ఊరుకోరు" అన్నారు సెక్రటరీ గారు.

"ఇది పార్కు. గుడి కాదు" అన్నాను నేను.

ఆయన చంకలోని మినిట్స్ పుస్తకం తీసి నా సంతకం మీద వేలు పెట్టారు. "దేవుణ్ణి తెచ్చింది మీరు మాస్టారూ. తెచ్చి ఎండలో నిలబెట్టారు. మేం నీడ వేశాం, అంతేగా."

ఎన్నో సభల్లో ఎందరినో నిలదీసిన నేను, నా రాతే నన్ను పట్టుకుంటే ఎటూ కదల్లేకపోయాను.

"పద, మన వరండా ఉందిగా" అన్నాడు సిస్టర్ గారి భర్త.

గోడ అవతల మళ్ళీ ఇనుము, కర్ర. మున్సిపాలిటీకి అర్జీ మీద అర్జీ రాశాను. ప్రతి జవాబుకీ నా తీర్మానం కాపీయే జతచేసి పంపేవారు. రాతబల్ల వేరే గదిలోకి మార్చాను. అక్కడికీ వినపడేది. రెండువేల సంవత్సరం దాటాక పదకొండు అడుగులకి పట్టే సమయం పెరుగుతూ పోయింది. ఒక వేసవిలో చప్పుడు ఆగిపోయింది.

సిస్టర్ గారు నా గేటు దగ్గరికి వచ్చారు. "ఆయనకి మోకాలు వంగట్లేదండీ. ఇక మంచమే." నా గేటు పక్కకి చూసి, "ఆ మూల ఇప్పుడన్నా ఇస్తారా? హాస్టల్ పిల్లలు ముక్కు మూసుకుని పోతున్నారు" అన్నారు.

ఆ రోజే దరఖాస్తు రాశాను, మా గేటు పక్కనే కట్టమని. కట్టారు. నీళ్ళు వస్తాయి, రోజూ కడుగుతారు. కిటికీ తెరిచే ఉంచుతున్నాను. ఇంతే. ఈ కాస్త దానికి భయపడి ఒక మనిషి నడకని పోగొట్టాను. గ్రిల్లుకి తాళం ఇప్పటికీ ఉంది. గోడ అవతల ఆయన మంచం మీద ఉన్నాడు.

మీ కాలనీలోనూ మీటింగు జరుగుతుంది. మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వస్తుంది, అందరూ నవ్వుతారు. మీరు నవ్వకండి. లేచి నిలబడండి. "మా గేటు పక్కన కట్టండి" అనండి. అని, సంతకం పెట్టండి.