వెంట్రుకలో దిగులు

జట్లాండ్ పల్లెల్లో పాడి ఉన్న ఇళ్ళకు, ల్యాబు నుంచి వచ్చే టోవే కొత్త మనిషి కాదు. కొట్టంలోకి రాగానే, చల్లటి ఇనుము ఆవుకు తగలకూడదని, వెంట్రుకలు కత్తిరించే మిషన్ను కాసేపు చంకలో పెట్టుకుంటుంది. "చిటికెడే తల్లీ, ఓర్చుకో" అంటూ తోక కుచ్చులోంచి నాలుగు వెంట్రుకలు తీసి కవరులో వేసుకుంటుంది. ఆవు దిగులు పడితే ఒంట్లో ఊరే హార్మోను వెంట్రుకలో చేరి నెలల తరబడి ఉండిపోతుంది. ల్యాబులో కొలిచేది దాన్నే. ముసలి రైతు ఐగిల్ ఇంట్లో మాత్రం వెళ్ళినప్పుడల్లా ఒకటే వేళాకోళం. "నా జుట్టూ కత్తిరించుకెళ్ళవే పిల్లా, నేనెంత సుఖపడుతున్నానో లోకానికి తెలుస్తుంది!" అని తల వంచేవాడు. టోవే పకపకా నవ్వేది.

ఈ ఏడు మంచు కరిగాక ఐగిల్ ఆ కొట్టంలోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత టోవే వెళ్తే, ఆయన భార్య కిర్స్టెన్ కాఫీ పోసి, చేతిరుమాల్లోంచి ఆయన దువ్వెన తీసి బల్ల మీద పెట్టింది. పళ్ళ మధ్య నెరిసిన వెంట్రుకలు.

"మా ల్యాబులో మనుషులవి చూడరు పిన్నీ," అంది టోవే.

"చూడు తల్లీ. ఎప్పట్నుంచి బాధపడుతున్నాడో ఆ ఒక్కటీ చెప్పు చాలు." కిర్స్టెన్ దువ్వెనను ఆమె వైపు జరిపింది. "ఆవు ఒక్క పూట మేత ముట్టకపోతే కనిపెట్టేసేదాన్ని. ఈ మనిషి రోజూ నా ఎదురుగానే కూచుని తిన్నాడే!"