నాంచారమ్మ ఊపిరి లెక్క

మా ఊరి ఆశా వర్కర్ నాంచారమ్మకు ఒకటే పిచ్చి. కనబడ్డ పెద్దవాళ్ళనల్లా కూర్చోబెట్టి, చేతి గడియారం చూస్తూ, నిమిషం పాటు వాళ్ళ ఊపిరి లెక్కపెడుతుంది. ఆమెకు పై నుంచి నేర్పించింది పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం. ఇన్ని దాటితే నిమోనియా అని అనుమానించి దవాఖానకు పంపాలి. ఈ మహాతల్లి మాత్రం పిల్లల్ని వదిలేసి మీసాలున్నవాళ్ళ మీద పడింది.

మంగలి షాపులో ఒకాయన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకొని గడ్డం గీయించుకుంటున్నాడు. సగం గడ్డం అయింది, సగం నురగ ఉంది. నాంచారమ్మ లోపలికి దూరి, "జర కత్తి ఆపు తమ్మీ" అంది. మంగలి ఆపాడు. నిమిషం పాటు షాపులో ఈగ కదల్లేదు.

"నలభై ఆరు" అంది. "మామా, నీకు దమ్ము మస్తు ఎక్కువున్నది. ఇయ్యాల్నే మిర్యాలగూడకు పో."

ఆయన మిగిలిన సగం గడ్డంతోనే మనవణ్ణి చంకనేసుకొని బస్సెక్కాడు.

ఒక పెళ్ళిలోనైతే బ్యాండు ఆపించింది. పెళ్ళికూతురి మేనమామ, నిద్రపోయిన కూతుర్ని భుజాన వేసుకొని, దర్జాగా అందర్నీ పలకరిస్తున్నాడు. "బావా, కదలకు" అని అతని ముందు నిలబడింది. బ్యాండువాళ్ళు బూరలు నోట్లో పెట్టుకొని బిక్కమొహాలతో చూస్తున్నారు. "యాభై రెండు!" అంది. అంత దర్జా మనిషీ ఒక్క మటన్ ముక్కైనా ముట్టకుండా, కూతుర్ని భుజం మీద నుంచి దించకుండా, పెళ్ళి బట్టల్లోనే ఆటో ఎక్కాడు. గ్రామసభలో సర్పంచును కూడా మాట మధ్యలో ఆపి, లెక్కపెట్టి, "పద్దెనిమిది. మంచిగున్నవ్, ఇగ మాట్లాడు" అంది.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. రాజారత్నం సార్ అంటారు. నాకు ఒళ్ళు మండేది. పెద్దమనిషి నిమిషానికి పదిహేను, మహా అయితే ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. యాభై రెండంటే వాడు పెళ్ళిలో ఉండడు, పాడె మీద ఉంటాడు.

"నాంచారక్కా, నీకసలు అంకెలు వస్తయా?" అని నలుగురి ముందు అడిగాను.

"తొమ్మిదో తరగతి దాంక సదివిన సార్. మీ అంత యాడొస్తయి?" అని నవ్వేసి వెళ్ళిపోయింది. నాకు ఇంకా మండింది. ఆరోగ్య శాఖకు రెండు పేజీల ఫిర్యాదు రాశాను. ఈమెకు లెక్క రాదు, పిల్లల్ని చూడదు, పెద్దల్ని భయపెడుతుంది, ఉద్యోగం నుంచి తీసేయండి అని. పేజీ పక్కన మార్జిన్ కూడా గీశాను. అంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ మంచి పనీ చేయలేదు.

పిల్లల ఊపిరి లెక్కపెట్టడమంటే మా ఊళ్ళో మహాపాపమన్న సంగతి నాకు తెలియక కాదు. "దేవుడు కొలిచి ఇచ్చిన ఊపిరి. లెక్కవెడితే తరుగుతది" అంటుంది మా అమ్మ అచ్చమ్మ. గుడికి పోయేవాళ్ళూ, చర్చికి పోయే మేమూ, తండావాళ్ళూ ఏకమైన విషయం మా ఊళ్ళో ఇదొక్కటే. నాంచారమ్మ కొత్తగా వచ్చినప్పుడు ఒక పసిదాని చొక్కా ఎత్తి చూడబోతే మా అమ్మే చేటతో తరిమింది. నేను అరుగు మీద కూర్చొని పేపర్లు దిద్దుకుంటూ నవ్వాను.

కిందటి కార్తీకంలో వరి కోతలయ్యాయి. ఎవడి పొలంలో కొయ్యకాళ్ళు వాడు తగలబెట్టాడు. ఊరి పక్క రైసు మిల్లు బూడిద ఎప్పటిలాగే ఆరేసిన బట్టల మీదా, అన్నం గిన్నెల మీదా పడుతోంది. సగం ఊరు ఆ మిల్లుకే పనికి పోతుంది కనుక బూడిద గురించి ఎవరూ మాట్లాడరు. దులుపుకుంటారు. మా మూడేళ్ళ బుజ్జికి దగ్గు పట్టుకుంది. ఛాతీలో పిల్లికూతలు. ఇది ఆ ఏడాది నాలుగోసారి. వారమైనా తగ్గలేదు.

"దవాఖానకు పోదాం" అంది నా భార్య గ్రేస్.

"మా వంశంల దమ్ము రోగం లేదు" అంది మా అమ్మ. "ఉంటె మీ పుట్టింటి దిక్కు ఉండాలె. దమ్ముందని ఊళ్ళె తెలిస్తే రేపు పిల్లను ఎవడు చేసుకుంటడు?"

పిల్లకు మూడేళ్ళు. పెళ్ళికి అడ్డమట! నేనేమన్నాను? ఎమ్మెస్సీ చదివిన నేను, "సూద్దాం, ఆదివారం పోనీ" అన్నాను. ఊరి ఆరెంపీ చిరంజీవి రోజూ వచ్చి ఏదో సూది వేసి పోతున్నాడు. ఆ 'ఆదివారం పోనీ' అన్న మాట ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గురువారం సాయంత్రం బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని వాకిట్లో ఉన్నాను. నాంచారమ్మ వచ్చింది.

"సార్, జర మీ ఊపిరి చూస్త."

సరదా పుట్టింది. "కానియ్ అక్కా. నీ లెక్కేందో నేనూ సూస్త."

"బిడ్డను గట్లనే పట్టుకోండ్రి. కదలొద్దు."

మా అమ్మ గడప మీద నిలబడి నవ్వుతోంది. నాంచారమ్మ నవ్వలేదు. నా ఛాతీ వైపే కళ్ళార్పకుండా చూసింది, కనీసం నేను అలాగే అనుకున్నాను. నిమిషం అయింది.

"యాభై ఎనిమిది" అంది. గొంతు మారింది. "డొక్కలు గూడ ఎగురుతున్నయి సార్. గిది రేపటి దాంక ఆగేది కాదు."

నవ్వబోయాను. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. చెయ్యి పక్కటెముకల మీద వేసుకున్నాను. నిజంగానే ఎగురుతున్నట్టు అనిపించింది. లెక్కలన్నీ ఎటు పోయాయో ఏమో, పది నిమిషాల్లో ఆటో వాకిట్లో ఉంది.

"బిడ్డను ఇడిసిపెట్టి పోవద్దు సార్. సంకల ఉంటె మీకు ధైర్యముంటది" అని ఒక చీటీ మడిచి ఇచ్చింది. గ్రేస్ అప్పటికే సంచి సర్దుకొని నిలబడింది. ఏడుస్తోంది. నా కోసమే అనుకున్నాను.

వేములపల్లి దాటి మిర్యాలగూడ వచ్చేదాకా దారి పొడుగునా నా ఊపిరి నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఒళ్ళో ఉన్న బిడ్డ ఊపిరి వినలేదు.

దవాఖానలో డాక్టర్ పుష్పలత, "పేషెంట్ ఎవరు?" అంది.

"నేనే మేడం. యాభై ఎనిమిది" అని చొక్కా గుండీలు విప్పబోయాను. ఆమె చీటీ చూసింది, నన్ను చూసింది, బుజ్జిని నా చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుంది. ఆక్సిజన్ అంది, సూది అంది, నర్సులు పరుగెత్తారు. నేను విప్పిన గుండీలతో నిలబడి ఉన్నాను.

గంట తర్వాత బయటికొచ్చి చీటీ నా చేతిలో పెట్టింది. "సదవండ్రి" అంది. చదివాను. పేరు: బుజ్జి. వయసు: మూడేళ్ళు. ఊపిరి: యాభై ఎనిమిది. డొక్కలు ఎగరేస్తోంది.

"నాంచారమ్మ పంపినోళ్ళంతా గిట్లనే వస్తరు" అంది డాక్టరు. "మొన్నొకాయన పెళ్ళి బట్టలల్ల వచ్చి, తనకు ఈసీజీ తియ్యమని లొల్లి. నిమోనియా ఆయన బిడ్డకు."

"ఇంకొక పూట ఆగితే మేడం?"

"నా చేతుల ఏం ఉండకపోతుండె" అంది.

నాలుగు రోజులున్నాం. నిమోనియా తగ్గింది. ఆస్తమా కూడా ఉందని, రోజూ మందు పీల్చడానికి పంపూ, గొట్టం, ముక్కుకు పెట్టే చిన్న మూతా ఇచ్చారు. "అలవాటైతే పోదంట గద మేడం?" అన్నాను.

"అన్నం అలవాటయ్యింది గద సార్, మానేసిండ్రా?" అంది.

ఇంటికి రాగానే మా అమ్మ నా తల నిమిరింది. "నీకెట్లుంది కొడుకా?" సంచిలోంచి పంపు తీసి అటూ ఇటూ తిప్పింది. "గింత సిన్న మూత నీ ముక్కుకు యాడ సరిపోతది?"

"సరిపోతలేదమ్మా."

"అయితె బిడ్డకన్న పట్టు. దానికి గూడ దగ్గుంది గద."

గ్రేస్ కొంగు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయింది. ఈసారి నవ్వడానికి.

నేను నాంచారమ్మ ఇంటికి పోయాను. "బిడ్డకని ముందే చెప్పొచ్చు గద అక్కా?"

"చెప్తే పోతుంటిరా?" అంది. "బిడ్డకు బాగలేదంటే 'రేపు సూద్దాం' అంటరు. మీకు బాగలేదంటే ఆటో మాట్లాడుకుంటరు. మొదటి ఏడాది నిజమే చెప్పిన సార్. చేటతోటి కొట్టిండ్రు, ఊకున్న. ఆ చలికాలం ఒక పిల్లగాడు పోయిండు. ఇగ పిచ్చిదంటే అననియ్, అనుకున్న." నేను వెనక్కి తిరగబోతుంటే, "రేపు ఎంక్వయిరీ ఉంది సార్. మీ కాయితం మీద" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో ఊరంతా కూర్చుంది. ముందు వరసలో మా అమ్మ, ఇంకా ఊళ్ళోని అత్తలందరూ. ఆఫీసరు నా ఫిర్యాదు చదివాడు. "పెద్దమనిషికి యాభై రెండు ఊపిరులని చెప్పిందట. నిజమేనా మాస్టారూ?"

నిజం చెబితే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ ముందు వరసంతా మళ్ళీ చేటలు అందుకుంటుంది, పిల్లల్ని తలుపుల వెనక దాస్తుంది. చెప్పకపోతే ఆమె ఉద్యోగం ఊడుతుంది. లేచాను.

"నా ఫిర్యాదు తప్పు సార్. నాకే యాభై ఎనిమిది వచ్చినయి. ఈమె పంపకపోతే నా పని ఖతమయ్యేది."

"మీరు లెక్కల టీచరేనా?"

"అవును సార్."

"యాభై ఎనిమిది?"

"యాభై ఎనిమిది."

కిటికీ దగ్గర నా పదో తరగతి పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆఫీసరు నన్ను చూసి, నాంచారమ్మను చూసి, గ్రేస్ ఒళ్ళో ఉన్న బుజ్జిని చాలాసేపు చూశాడు. ఆయనకూ పిల్లలున్నారేమో. కాగితం కింద ఏదో రాసి ఫైలు మూశాడు. ఆ తర్వాత నాకు చూపించాడు. "ఫిర్యాదుదారు ఆరోగ్యం బాగా లేదు. ఆయన మాట పరిగణించనక్కర లేదు" అని ఉంది.

బయటికొస్తుంటే మెట్ల మీద తండా భద్రు, మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నాంచారమ్మ ఉద్యోగం నిలిచిన సంతోషమైనా పడకుండా అప్పుడే అతని ముందు కూర్చుంది. నిమిషం చూసింది. "భద్రన్నా, యాభై నాలుగు."

భద్రు గాబరాగా నా వైపు తిరిగాడు. "సార్, మీరు సదువుకున్నోళ్ళు. మనిషికి యాభై నాలుగు ఉంటదా?"

ఇరవై ఏళ్ళ సర్వీసులో పిల్లలకు ఒక్క లెక్క తప్పు చెప్పినవాణ్ణి కాదు.

"ఉంటది భద్రూ. జల్ది పో. బిడ్డను మాత్రం సంక దించకు" అన్నాను.

తనకేమవుతుందోనని వణుకుతూ, మనవరాలిని గుండెకు అదుముకొని, భద్రు ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికాడు.