పాడే ఆమె పోయిన రోజు

నా చిన్నప్పుడు, ఊరొదిలి పనికోసం వలస వచ్చిన లింబాయత్‌లో మేమున్న గల్లీ నిండా సాంచలే. బట్ట నేసే ఆ మరమగ్గాల మోతలో పక్కమనిషి మాట కూడా వినపడేది కాదు. కరెంటు పోతే మాత్రం పక్కింటి పెద్దమ్మ బ్యాటరీ రేడియో గల్లీ అంతా వినిపించేది. ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చునేదాన్ని.

అదంతా మా అమ్మ కోసం. అంతకు ముందు ఏడాది కాన్పుకని ఊరికి వెళ్లిన అమ్మ అక్కడే పోయింది. మా నాయన నన్ను తీసుకుని రైలు దిగేసరికి అంతా అయిపోయింది. నేను ఏడవలేదు. రాతిగుండె పిల్ల అన్నారు చుట్టాలు. అననీ, నాకేం! అమ్మ కండెలు చుడుతూ ఎప్పుడూ ఒకే గాయని పాటలు పాడేది. హిందీ సరిగా రాదు, సగం మాటలు మింగేసేది. రేడియోలో ఆ గాయని పాట వస్తే దాంతోపాటు నాకు అమ్మ గొంతు వినపడేది. పాట లేకుండా ఎంత గింజుకున్నా ఆ గొంతు గుర్తొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ గాయని చనిపోయిందని రేడియోలో చెప్పారు. గడపలో కూలబడి గొంతు చించుకుని ఏడ్చాను. గల్లీ పిల్లలు పగలబడి నవ్వారు. సాంచలు ఆగడంతో ఇంటికొచ్చిన మా నాయనకు ఒళ్లు మండింది.

"నీ తల్లి పోతే సుక్క నీళ్లు రాలే. గామె నీకేమైతదని ఏడుస్తున్నవే?" అని చెయ్యెత్తాడు.

"జర ఆగు తమ్మీ, పోరిని అడగనియ్యి," అంటూ పెద్దమ్మ అడ్డమొచ్చింది.

వెక్కుతూనే చెప్పాను. "మనిషి రాకుంటే సాంచె బంద్ అయితది గదా పెద్దమ్మా. పాడే ఆమె పోయింది. ఇగ పాట రాదు. అమ్మ గొంతు గూడ రాదు."

సాంచల మధ్య పెరిగిన పిల్లకు అంతకన్నా ఏం తెలుస్తుంది! పెద్దమ్మ నవ్వలేదు. ఇంటి మనిషి చావు కబురు విన్నవాళ్లకు పోసినట్టే నా తలమీద నీళ్లు పోసింది. "గిది మీ అమ్మ స్నానం బిడ్డా. అప్పుడు ఏడువలే, ఇప్పుడు ఏడువు," అంది. తడిబట్టలతోనే రేడియో ముందు కూర్చోబెట్టింది. ఆ గాయని పాటలే ఒకటి తర్వాత ఒకటి వేస్తున్నారు. పాట ఆగలేదు. అమ్మ కూడా వచ్చింది. గుమ్మంలో మా నాయన రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పేరున్నవాళ్లు పోతే ఏడ్చేవాళ్లను చూసి నవ్వేవాళ్లంటే నాకు ఇప్పటికీ మంట. ఏడ్చేవాళ్లను అడగాలి, చెప్పేది వినాలి. పెద్దమ్మ దగ్గర నేను నేర్చుకున్నది అదే. మొన్న ఒక హీరో పోయాడని మా మనవడు ఫోన్ పట్టుకుని కుమిలిపోతుంటే పక్కన చేరి, "ఆయన సినిమాలు ఎవలతోని సూసేటోనివి రా?" అన్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టాడు.

"పప్పాతోని, నానమ్మా. హర్ సండే."

వాళ్ల పప్పా, నా కొడుకు, పోయి రెండేళ్లు. అన్నాళ్లుగా వాడు తండ్రి ఊసెత్తింది లేదు. ఆ సాయంత్రం చెబుతూనే ఉన్నాడు. నా ముందు గట్టిగా మాట్లాడటానికే జంకే నా కొడుకు, థియేటర్‌లో కుర్చీ ఎక్కి ఈలలు వేసేవాడట.