రెండో బంతి

మా నాన్న ఆదివారం బడిలో పిల్లలకి చెప్పే ఉపమానాల్లో నాకు గిట్టనిది ఒకటుంది. విందు కథ. ఒక పెద్దమనిషి గొప్ప విందు ఏర్పాటు చేసి ఊళ్ళో పరువైన వాళ్ళందరినీ పిలుస్తాడు. తీరా వంటలయ్యాక రమ్మని మనిషిని పంపితే తలో సాకు చెబుతారు. ఇంటాయనకి కోపమొచ్చి వీధుల్లోనూ సందుల్లోనూ ఉన్న కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ బీదవాళ్ళనీ తీసుకురమ్మంటాడు. ఇంకా చోటు మిగిలితే కంచెల దాకా వెళ్ళి, బలవంతం చేసైనా సరే లాక్కురమ్మంటాడు. మొదట పిలుపందుకున్న వాళ్ళకి ఒక్క ముద్ద కూడా దక్కదు.

నాన్న ఈ కథని మా అనకాపల్లి కథ చేసేసేవాడు. "ఒకడు నాతవరం కాడ సెరుకు తోట కొన్నాడంట. సూసుకోవాల, రాలేనన్నాడు. ఇంకొకడు ఎడ్లు కొన్నాడంట, కట్టి సూడాలన్నాడు. ఇంకొకడికి కొత్తగా పెళ్ళయిందంట. ఆడు మరి ఎలాగూ రాడు" అనేవాడు. చాపల మీద కూర్చున్న పిల్లలం అర్థమయ్యీ కాకుండానే నవ్వేవాళ్ళం. చివర్లో గొంతు తగ్గించి, "రెండోసారి పిలిచినారే సందుల్లో వోళ్ళని, ఆళ్ళే మనం. మనల్ని ఎవులూ పిలవని కాలంలో ప్రభువు పిలిచేడు. అది మర్సిపోకండి" అనేవాడు. చిన్నప్పుడు నాకూ ఆ మాట తీపిగానే ఉండేది.

నాన్న బెల్లం మార్కెట్లో కలాసీ. దిమ్మలు బళ్ళ మీంచి దించడం, కాటా మీద పెట్టడం, అమ్ముడయ్యాక లారీకి ఎత్తడం. మీసాలు రాకముందే ఒక సావుకారు కొట్లో చేరాడు, భుజం అరిగాక అదే కొట్లో కలాసీలకి మేస్త్రీ అయ్యాడు. ఆ పెద్ద సావుకారు పోయి ఇప్పుడు కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. ఆ కొడుకుని చిన్నతనంలో నాన్న భుజాలమీద ఎక్కించుకుని జాతరలో రంగులరాట్నం చూపించాడు. ఆయన మాత్రం నాన్నని ఇప్పటికీ "ఏరా" అనే అంటాడు. కొట్టు తాళాలు నాన్న చేతికిస్తారు. టీ దగ్గరికొచ్చేసరికి నాన్న గ్లాసు వేరు, అది కుళాయి పక్క గూట్లో బోర్లించి ఉండేది. పేపరు గ్లాసులొచ్చాక ఆ తేడా కనబడడం మానేసింది. పోయిందని నాన్న అనుకున్నాడు. నేను అనుకోలేదు.

నాకు టీచరుద్యోగం వచ్చాక పేటలో మా పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేశాం. పేట అంటే ఏ పేటో చెప్పక్కర్లేదు, ఊరికి ఒక చివర ఉండేది, ఊళ్ళోవాళ్ళు పనికి పిలవడానికే వచ్చేది. ఇల్లు పూర్తవుతుండగా ఒకరోజు సావుకారు నలుగురూ వినేలా, "ఏరా, మేడ కట్టేవంట. మాకు బోజనం పెట్టవేటి?" అన్నాడట. వెటకారానికో, సరదాకో, నోరు ఊరుకోకో. నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అమ్మతో, "సావుకారు నోటితో అడిగేడే. మనింట్లో తింటాడంట" అన్నాడు. నా ఉద్యోగం కాగితం వచ్చిననాడు కూడా ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆ రోజునుంచి ఆయనకి ఇంకో ధ్యాస లేదు. ఇంత కాలం ఎవరి సరుకు మోశాడో ఆ మనిషి తన ఇంట్లో ఒక్కసారి ఆకు ముందు కూర్చుని అన్నం కలుపుకుని తినాలి. ఇల్లు కట్టింది కూడా అందుకే అన్నట్టు తయారయ్యాడు. పక్క కొట్ల సావుకార్లని కూడా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు జోడించి పిలిచొచ్చాడు. అందరూ "అలాగేరా, వత్తాంలే" అన్నారు. పెద్దవాళ్ళు మాట ఇచ్చారని మురిసిపోయాడు.

మాలో గృహప్రతిష్ఠ అంటే ప్రార్థనయ్యాక మాంసం కూర ఉండాలి. లేకపోతే పేట పేటంతా నెలరోజులు చెప్పుకుంటుంది. నాన్న ఈసారి మాంసం వద్దన్నాడు. టౌన్లో పెళ్ళిళ్ళకి వండే శాకాహారం వంటవాళ్ళని మాట్లాడాడు. గిన్నెలు కూడా వాళ్ళవే. పులిహోర, బూరెలు, పనసకాయ కూర, గుమ్మడికాయ పులుసు. అమ్మ, "మనోళ్ళు ముక్క కోసం సూత్తారండీ" అంటే, "ఒక్క పూట ముక్క నేకపోతే సచ్చిపోరు" అన్నాడు. ఆ గొంతు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. గల్లాపెట్టె దగ్గర్నుంచి వచ్చే గొంతు అది.

ప్రార్థన రోజు అందరికంటే ముందు మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. వాళ్ళమ్మ పోయినప్పుడు నాన్న పాకే పిల్లాడు. అత్తే చంకన వేసుకుని చెరుకు కోతలకి వెళ్ళి, ఆకు దూసి, ఊక నూకలు తెచ్చి పెంచింది. ఆవిడ ఏ శుభకార్యానికొచ్చినా సొంత కత్తిపీట కొంగులో చుట్టుకుని వస్తుంది, వేరే కత్తిపీట చేతికి పనికిరాదంటుంది. సరాసరి వంట పందిరిలోకి వెళ్ళి గుమ్మడికాయ ముందు పీట వాల్చింది. నాన్న పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు లెగు అప్పా. పెద్దదానివి, కుర్సీలో కూకో."

"కుర్సీలో కూకోడానికి నానేటి సుట్టాన్నా?"

నాన్న ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆళ్ళు అడుగుతారు అప్పా, ఎవులు తరిగేరని. ఈ ఒక్క పూటకి ఊరుకో."

అత్త గుమ్మడికాయ వైపు చూసింది, నాన్న వైపు చూసింది. కత్తిపీట మళ్ళీ కొంగులో చుట్టుకుని వెళ్ళి షామియానా చివర కుర్చీలో కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంటినిండా జనం, ఆరోజు నాన్నతో గొడవ పెట్టుకోలేకపోయాను.

పాస్టరుగారు ప్రార్థన చేసి, దేవరాపల్లి వైపు ఇంకో కుటుంబ ప్రార్థన ఉందని నాలుగు బూరెలు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయారు. పేటవాళ్ళు లేచి చేతులు కడుక్కోబోతుంటే నాన్న అడ్డం వచ్చాడు. "ముందు సావుకార్లు తినీసి ఎల్లిపోతారు, ఆళ్ళు కొట్లు తీసుకోవాల. మనం ఇంటోళ్ళం, రెండో బంతిలో కూకుందాం" అన్నాడు. ఎవరూ కాదనలేదు. చంటిపిల్లల తల్లులు కూడా సరే అని నీడకి జరిగారు. తెల్లబట్టలు పరిచిన బల్లల ముందు వరసగా ఖాళీ కుర్చీలు, వాటి వెనక ఆకలితో మావాళ్ళు. అలా ఎంతసేపు గడిచిందో నాకిప్పుడు చెప్పడానికి కూడా మంట.

సావుకారు వచ్చాడు. రాలేదని అబద్ధం చెప్పను. కారు దిగాడు, ఇంకో ఇద్దరు సావుకార్లు కూడా దిగారు. గడప బయటే నిలబడి గచ్చు బాగుందన్నాడు, గాలి బాగా వస్తోందన్నాడు. నాన్న బల్ల దగ్గర కుర్చీ లాగి, భుజమ్మీది తువ్వాలుతో దాన్ని తుడిచాడు. అప్పుడు మొదలయ్యాయి. సావుకారుకి పొద్దుట్నుంచి కడుపు బాగోలేదు. రెండో ఆయన కొండకి మొక్కుకున్నాడు, బయట తినడం లేదు. మూడో ఆయన ఇంట్లో చుట్టాలు దిగారు. వంటవాళ్ళు టౌనువాళ్ళేనని నాన్న ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గిన్నెలు కూడా మావి కావని చెప్పాడు. ఆ మాట ఆయన చెబుతుంటే నేను వినలేక లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

వాళ్ళు తాగింది కూల్‌డ్రింకు. నాన్న మూత తీయబోతే సావుకారు, "ఉండు ఉండు, నేను తీసుకుంటాను" అని సీసా అందుకున్నాడు. ఫ్యాక్టరీలో బిగించిన మూత తన చేత్తో తీస్తే ఏ దోషమూ లేదు కాబోలు. సగం తాగి, నాన్న చేతిలో కవరు పెట్టి, "మళ్ళీ వత్తాంరా" అని కారెక్కారు. ఉపమానంలోని వాళ్ళు నయం, అసలు రాలేదు. వీళ్ళు వచ్చి మరీ రాలేదు. మిగతా కొట్లవాళ్ళు గుమస్తాల చేత కవర్లు పంపించారు. ఆ గుమస్తాలకీ తొందర పనులే.

నాన్న కారు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి తిరిగేసరికి షామియానా సగం ఖాళీ. అత్త కుర్చీ ఖాళీ. ఎవరూ అలిగి అరిచి వెళ్ళలేదు. పిల్లాడు ఏడుస్తున్నాడనీ, మేక కట్టేసి ఉందనీ ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. చూస్తుండగా మిగతా సగమూ వెళ్ళిపోయింది. గంగాళాల నిండా అన్నం, మూతల మీద ఆవిరి.

"రాయే, ఎల్లి పిలుద్దాం" అన్నాడు నాన్న నాతో. ఎండలో గుమ్మం గుమ్మానికీ తిరిగాం. "తినేసేం మేస్త్రీ" అన్నారు అందరూ నవ్వుమొహంతోనే. పొయ్యి రాజెయ్యకుండా గిన్నెలు బోర్లించి ఉన్నా అదే మాట. నాన్న బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు. కంచెల దాకా వెళ్ళి లాక్కురమ్మన్నాడే కథలో ఇంటాయన, అలాగే.

అత్త తన ఇంటి ముందు అరుగుమీద కూరకి ఎండు నెత్తళ్ళ చేపలు దులుపుతోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"అప్పా, లెగు. నువ్వు తినకపోతే నాను తినను" అన్నాడు నాన్న.

అత్త తలెత్తకుండా అడిగింది. "ఒరే తమ్ముడా, ఆళ్ళు తినుంటే నువ్విప్పుడు మా గుమ్మంలోకి వద్దువా?"

"సెప్పరా. ఆళ్ళు కూకుని తినేసి ఎల్లుంటే, నాను తిన్నానో నేదో నువ్వు సూద్దువా?" అని అత్త మళ్ళీ అడిగి, జవాబు కోసం ఆగకుండా నెత్తళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేయలేదు. వేసినా బాగుండేది.

అప్పటినుంచే నాకు ఆ ఉపమానం గిట్టదు. అందులో రెండోసారి పిలిచినవాళ్ళ మాట ఒక్కటీ లేదు. వాళ్ళకి ఆకలుందా, రావాలని ఉందా, మొదటివాళ్ళు రానందుకే తమని తెచ్చారని తెలిసి ఆ అన్నం గొంతు దిగిందా, ఎవరూ అడగలేదు. కథంతా ఇంటాయన కోపమే. దేవుడి రాజ్యం అలాంటిదంటారు. ఆ రాజ్యంలో నాకు చోటున్నా మా అత్త పక్కన కూర్చోవాలనే ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. బైబిల్లో ఈ కథకి ముందే, ఇది చెప్పిన భోజనం బల్ల దగ్గరే, ప్రభువు ఒక బుద్ధి చెప్పాడు. విందు చేస్తే డబ్బున్న ఇరుగుపొరుగుని పిలవకు, వాళ్ళు నిన్ను తిరిగి పిలిచి బాకీ తీర్చేసుకుంటారు, లేనివాళ్ళని పిలువు అని. తిరిగి పిలుస్తారన్న భయం మాకెలాగూ లేదనుకోండి. ఆ బుద్ధి నాన్న పిల్లలకి ఏనాడూ చెప్పలేదు. కథే చెప్పాడు, కథలో నవ్వొచ్చే చోట్లు చెప్పాడు. ఈ సంగతి నేను ఆయన మొహానే అన్నాను. "నాకు తెల్దా" అన్నాడు, అంతే.

సాయంత్రానికి వంటంతా ఆటోలోకెక్కించి పిల్లల హాస్టల్‌కి పంపించాం. పిల్లలు బూరెల కోసం ఎగబడి తిన్నారట. ఆ సంగతి ఎవరో పాస్టరుగారికి చేరవేశారు. తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగానికి అదే విందు కథ తీసుకుని, నాన్నని అందరి ముందూ లేచి నిలబడమన్నారు. తన ఇంటి విందుని దిక్కులేని పిల్లలకి పెట్టిన మనిషి, ఉపమానాన్ని వినడమే కాదు, చేసి చూపించిన మనిషి అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పేటవాళ్ళు కూడా కొట్టారు.

నేను నాన్న మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట అంటాడని. ఆళ్ళు రాకే పెట్టేనయ్యా, మావోళ్ళని ఆకలితో కూకోబెట్టేనయ్యా అని. అలా అనుంటే ఆయన్ని నేను జీవితమంతా నెత్తిన పెట్టుకునేదాన్ని. నాన్న రెండు చేతులూ జోడించి, తలవంచి, "స్తోత్రం" అన్నాడు. ఆడవాళ్ళ వైపు చాపమీద అత్త తన మోకాళ్ళ వైపు చూసుకుంటోంది.

ఆరాధనయ్యాక గుమ్మం దగ్గర అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. నాన్న అత్త కోసం ఆగాడు. "అప్పా, ఎండగా ఉంది. బండిమీద దింపేత్తాను, రా" అన్నాడు.

అత్త కొంగు తలమీదికి లాక్కుంది. "వొద్దండి మేస్త్రీగారూ, మీరెల్లండి" అంది. ఇప్పటికీ అలాగే పిలుస్తోంది.